వకాలతు కంటే ముందే ఫోను

హన్మకొండ అదాలత్‌లో నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజుల్లో కక్షిదారు చేతిసంచిలో ప్రామిసరీ నోటో, పహాణీ నకలో, రిజిస్ట్రీ దస్తావేజో ఉండేది. ఇప్పుడు వచ్చేవారు జేబులోంచి ఫోను తీసి, "అంతా ఇందులనే ఉన్నది సార్" అంటున్నారు. ఆ మాట విన్న మొదటి గంటలో చాంబర్ ఏం చేస్తుందన్న దానిమీదే తర్వాత మూడు నాలుగేళ్ల దావా ఆధారపడి ఉంటుందని నేను ఒక కేసు పోగొట్టుకున్నాకే తెలుసుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన ఒక రైతుకు ఖరీదుదారు బాకీపడ్డాడు. రాతకోతలేమీ లేవు; పండుగ తర్వాత ఇస్తానంటూ అతడు పంపిన వాట్సాప్ సందేశాలు, రెండు వాయిస్ మెసేజీలు మాత్రమే ఉన్నాయి. మేము స్క్రీన్‌షాట్లు తీసి, ప్రింట్లు జతపరచి దావా వేశాం. సాక్ష్యం దశకు వచ్చేసరికి రైతు పాత ఫోను ఎక్స్ఛేంజీలో ఇచ్చేశాడు, బ్యాకప్ లేదు. అసలు పరికరమూ లేక, చట్టం కోరిన సర్టిఫికెట్టూ లేక ఆ ప్రింట్లు ఎగ్జిబిట్లుగా, అంటే కోర్టు సాక్ష్యంగా తీసుకునే పత్రాలుగా, మార్కు కాలేదు. ఫోను మార్చవద్దని ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది మేమే.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, ఆ కాపీ ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉండాలన్నది కొత్త నియమం కాదు. 2000 నాటి ఐటీ చట్టంతోనే సాక్ష్య చట్టంలోకి 65బి సెక్షన్ వచ్చింది. 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పనిసరి చేసింది. 2018లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కొంత సడలింపు ఇచ్చింది. 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఆ సడలింపును తోసిపుచ్చి, ఫోను యజమాని స్వయంగా బోనెక్కి అసలు పరికరాన్నే చూపితే సర్టిఫికెట్ అక్కరలేదని కూడా స్పష్టం చేశారు. పాత సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఈ సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వారు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఆ రెండో సంతకం ఎవరితో చేయించాలన్నది మా బార్‌లో తరచూ వినబడే ప్రశ్న.

రెండు భాగాల్లోనూ హాష్ విలువ రాయాలి. ఫైలులోని సమాచారమంతటినీ లెక్కగట్టి తీసిన వేలిముద్ర వంటి సంఖ్య అది. లోపల ఒక్క కామా మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. దాన్ని తీయడానికి నిమిషం కూడా పట్టదు. అయితే సాక్ష్యం చేతికందిన రోజునే తీసి, తేదీ వేసి రాసిపెట్టుకుంటేనే మధ్యలో ఎవరూ చేయి పెట్టలేదని చూపడానికి అది పనికొస్తుంది.

అమెరికాలో 2006 డిసెంబరులో ఫెడరల్ సివిల్ నియమాలను సవరించి ఎలక్ట్రానిక్ సమాచారాన్ని డిస్కవరీలోకి, అంటే విచారణకు ముందే పక్షాలు ఒకరికొకరు సాక్ష్యాలు చూపించుకునే ప్రక్రియలోకి, స్పష్టంగా తెచ్చారు. దావా తప్పదని తోచిన క్షణం నుంచే ఈమెయిళ్లు, ఫైళ్లు చెరిపివేయకుండా కాపాడటం అక్కడ పక్షాల బాధ్యత. మన దగ్గర అంత విస్తృతమైన పద్ధతి లేకపోయినా 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం దారి మార్చింది. తన వాదానికి అనుకూలమైనవే కాక ప్రతికూలమైన పత్రాలను కూడా వాది దావాతోపాటే బయటపెట్టాలి. 2018లో ఆ చట్టం వర్తించడానికి ఉండాల్సిన కనీస దావా విలువను కోటి రూపాయల నుంచి 3 లక్షలకు తగ్గించడంతో వరంగల్ వ్యాపారుల మధ్య నడిచే మామూలు తగాదాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి.

కాకతీయ యూనివర్సిటీలో లా చదివిన మా జూనియర్ ఒకామె హైదరాబాద్‌లో రెండేళ్లు అమెరికా కేసుల పత్రాలు పరిశీలించే ఉద్యోగం చేసి వచ్చింది. మనుషులు కొన్ని పత్రాలను గుర్తించి చూపితే, మిగిలిన లక్షల పత్రాలను యంత్రమే ఏరిపెట్టే పద్ధతికి 2012లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు సమ్మతి తెలిపిన సంగతి ఆమె ద్వారానే తెలిసింది. అదే పద్ధతిని మా కక్షిదారుల సందేశాలపై ప్రయత్నిస్తే ఫలితం దక్కలేదు. పైసలు అన్న ఒక్క మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాస్తారు. సగం సంభాషణ వాయిస్ మెసేజీల్లోనే ఉంటుంది. "గా ముచ్చట" అంటే ఏ ముచ్చటో ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఇక్కడి మాట తెలిసిన మనిషి కూర్చుని వినక తప్పదు. ఆ నైపుణ్యాన్ని మన చాంబర్లు ఇంకా పనిగా గుర్తించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అందుకే మా గుమాస్తాకు ఆమె నెల రోజులు కూర్చోబెట్టి పని నేర్పింది. వకాలతు మీద సంతకం పడకముందే గుమాస్తా కక్షిదారు ఫోను మోడల్, నంబరు రాసుకుంటాడు, చాట్‌ను కాపీ చేయిస్తాడు, హాష్ తీసి రిజిస్టరులో ఎక్కిస్తాడు. సీసీ కెమెరా ప్రసక్తి ఉంటే ఆ రోజే నోటీసు పంపిస్తాం, ఎందుకంటే రికార్డరులో కొత్త దృశ్యాలు పాతవాటి మీదే పడతాయి. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారో చూపే కాల్ రికార్డులకైతే కొంత వ్యవధి ఉంది. టెలికాం కంపెనీలు వాటిని కనీసం రెండేళ్లు ఉంచాలని 2021లో లైసెన్సు నిబంధన మార్చారు.

మొన్న పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నోటయితే బీరువాల దాచేటోణ్ణి, ఈ ఫోను మనవడు ఆడుకుంటడని చెప్పాడు. గుమాస్తా ఆ సాయంత్రమే కాపీ తీసి, పెన్‌డ్రైవ్‌ను కవరులో పెట్టి సీలు వేసి, కవరుపై ఆయన సంతకం తీసుకున్నాడు.