రెండోసారి చేయించుకున్న సి-పెప్టైడ్

రాత్రి నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కి లేచేవాణ్ణి. ఎంత తాగినా నోరు ఎండిపోయేది. రెండు నెలల్లో బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడవాల్సి వచ్చింది. పని ఒత్తిడే అనుకున్నాను. పరగడుపున షుగర్ 286, మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 11.4. టైప్ 2 మధుమేహం అన్నారు.

బరువు అంత త్వరగా తగ్గేసరికి డాక్టరుగారు ఇంకో రెండు పరీక్షలు రాశారు. జీఏడీ యాంటీబాడీలు నెగెటివ్. అంటే నా ఒంటి రక్షణ వ్యవస్థే క్లోమం మీద పడుతున్న దాఖలా కనిపించలేదు. రెండోది క్లోమం సొంతంగా ఇన్సులిన్ ఎంత తయారుచేస్తోందో చెప్పే సి-పెప్టైడ్, 0.9 నానోగ్రాములు. రిపోర్టులో అది నార్మల్ పరిధిలోనే ఉంది. ఆ ధైర్యంతోనే వెళ్ళాను.

"పక్కనే షుగర్ ఎంతుందో చూడండి," అన్నారావిడ. "286 ఉన్నప్పుడు క్లోమం ఇన్సులిన్ కుమ్మరించాలి. ఆ లెక్కన ఇది తక్కువే."

నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఆవిడ కాగితం మీద గీసి చూపించారు. క్లోమంలోని బీటా కణాలు ముందు ప్రోఇన్సులిన్ తయారుచేస్తాయి. అది తెగినప్పుడు ఒక ఇన్సులిన్, ఒక సి-పెప్టైడ్ సమానంగా బయటికొస్తాయి. ఇన్సులిన్‌లో సగం దాకా కాలేయమే తీసేసుకుంటుంది, మిగిలింది రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. సి-పెప్టైడ్ అరగంట పాటు నిలుస్తుంది కాబట్టి దాన్ని కొలుస్తారు. పైగా ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు. కనపడేదంతా మన సొంత ఉత్పత్తే.

"మరి నా క్లోమం పాడైపోయినట్టేనా?"

"ఇప్పుడే చెప్పలేం. ఇంత షుగర్‌లో బీటా కణాలు సొమ్మసిల్లినట్టు అయిపోతాయి. షుగర్ దించి, వాటికి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ చూద్దాం."

ఆ మాట పట్టుకునే ఆరు వారాలు గడిపాను. రోజూ రాత్రి 20 యూనిట్ల ఇన్సులిన్, షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం గురించి చదివింది ఆ రోజుల్లోనే. జబ్బు బయటపడే నాటికే బీటా కణాల పనితనం సుమారు సగానికి పడిపోయి ఉంటుందని అందులో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగిలిన సగం నాలో ఉందా అన్నదే టెన్షన్.

రెండోసారి పెట్టిన పరీక్ష కాస్త పెద్దది. పరగడుపున ఒకసారి రక్తం తీసి, పిండిపదార్థం, ప్రోటీన్, కొవ్వు కలిసిన చిక్కటి ద్రవం తాగించారు. తర్వాత అరగంటకోసారి, రెండు గంటల పాటు రక్తం తీశారు. సూది మాటిమాటికీ గుచ్చకుండా మోచేతి మడతలో చిన్న గొట్టం పెట్టి టేపు అంటించారు. చెయ్యి ముడవకుండా కూర్చుని, రక్తం పట్టే ఒక్కో ట్యూబు నిండుతుంటే ఆ ముదురెరుపు వైపే చూస్తూ ఉండిపోయాను.

పరగడుపున షుగర్ 112, సి-పెప్టైడ్ 1.8. తాగిన గంటన్నరకి 4.6. షుగర్ సగానికి పైగా తగ్గినా ఉత్పత్తి రెట్టింపయింది. డాక్టరుగారు పాత రిపోర్టు, కొత్తది పక్కపక్కన పెట్టి నా వైపు తిప్పారు. నేను మాట్లాడలేకపోయాను.

ఇన్సులిన్ 20 నుంచి 12కి, తర్వాత 6కి తగ్గించి, చివరికి ఆపేశారు. నాలుగో నెలలో హెచ్‌బీఏ1సీ 6.7. మెట్‌ఫార్మిన్ నడుస్తోంది. షుగర్ అకారణంగా పెరిగితే సి-పెప్టైడ్ మళ్ళీ చేస్తామన్నారు. అప్పుడు పక్కన పెట్టి చూడ్డానికి ఆ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉంచాను.