ఎండ పడిన చోట డిష్

మా ఇంట్లో కేబుల్ కనెక్షన్ తీసేసి ఏడాది దాటింది. పెద్దగా ఆలోచించి చేసిన పనేం కాదు. నెలకి 380 రూపాయలు కడుతున్నాం, అందులో చూసేది ఎంత అని లెక్కేస్తే ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా, అదీ సగం. మా ఆయనకి లాప్‌టాప్, పిల్లాడికి ఫోను, నాకు నిద్ర. దుమ్ము తుడవడం తప్ప టీవీతో మాకెవరికీ పని లేదు. తీసేద్దాం అన్నాను, తీయించేశారు.

ఆ తర్వాత మూడో నెలలో నాన్న వచ్చారు.

అమ్మ పోయాక రెండేళ్లు గాజువాకలో ఒక్కరే ఉన్నారు. రమ్మంటే రారు. మోకాలు మొరాయించాక ఇక ఒప్పుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లు షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసిన మనిషి. ఒక పెట్టెడు బట్టలు, రెండు పెట్టెల పనిముట్లు తెచ్చుకున్నారు. వచ్చిన రోజు సాయంత్రం టీ తాగి, రిమోట్ చేతిలోకి తీసుకుని, "సప్తగిరి ఎంతలో వస్తాదమ్మా?" అని అడిగారు. దూరదర్శన్ సప్తగిరి ఛానల్ ఏ నంబర్లో అని.

ఏ నంబర్లోనూ రాదని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

మాది స్మార్ట్ టీవీయే. వైఫై ఉంది. యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ ఛానళ్లు దాదాపు అన్నీ లైవ్ వస్తాయి. ప్రసారభారతి వాళ్లది 2024 నవంబర్‌లో వచ్చిన వేవ్స్ యాప్ ఉంది, అందులో దూరదర్శన్ ఛానళ్లు కూడా ఉన్నాయి. అన్నీ పెట్టి ఇచ్చాను. నాలుగు రోజులు ఓపిక పట్టారు. ఐదో రోజు అన్నారు, "నేను టీవీ చూడ్డం లేదమ్మా. ఏటి కావాలి, ఏటి కావాలి అని టీవీయే నన్ను అడుగుతోంది." నిజమే. ఆయనకి కావలసింది బటన్ నొక్కగానే ఏదో ఒకటి నడుస్తూ కనిపించడం. మొదలైపోయిన పాటలోకి మధ్యలో దూరడం. వెతుక్కోవడం కాదు.

మళ్ళీ కేబుల్ పెట్టించేస్తే ఒక ఫోన్ కాల్‌తో పోయేది. కానీ అప్పటికి నాన్నకి పట్టుదల వచ్చేసింది. మా బాల్కనీ చివర నిలబడి ఎడమ పక్కకి వంగితే కైలాసగిరి మీద దూరదర్శన్ టవర్ కనిపిస్తుంది. "టవర్ కళ్ళెదురుగా పెట్టుకుని వైరుకి డబ్బులు కట్టడం ఏటి?" అని, పనిముట్ల పెట్టెలోంచి రాగి తీగ, అల్యూమినియం గొట్టం తీసి యాంటెన్నా కట్టేశారు. ముచ్చటగా వచ్చింది. దాన్ని టీవీకి పెట్టి సెర్చ్ కొడితే సున్నా ఛానళ్లు. స్క్రీన్ నిండా చీమలు.

అప్పుడు కూర్చుని చదివాను. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ దేశమంతా దశలవారీగా ఆపేసింది, 2022 మార్చికల్లా ఏవో యాభై చోట్ల తప్ప అన్నీ మూసేయాలని గడువు పెట్టుకుంది. మరి డిజిటల్ యాంటెన్నా? 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టారు. కటక్ ఉంది, రాయ్‌పూర్ ఉంది, రాంచీ ఉంది. వైజాగ్ లేదు. హైదరాబాదే లేదు, మనల్ని ఎవరు అడుగుతారు.

మిగిలింది డీడీ ఫ్రీ డిష్, శాటిలైట్ నుంచి నేరుగా ఇంటి డిష్‌కి వచ్చే దూరదర్శన్ వాళ్ల సర్వీసు. 2004 డిసెంబర్లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది ఇదే. డిష్, బాక్సు కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేదేం లేదు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో డిష్, దాని ముందు నిలబడి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ, బాక్సు, పది మీటర్ల వైరు కలిపి 1,850 తీసుకున్నాడు. బాక్సు మాత్రం ఎంపెగ్-4దే అడగండి. చవగ్గా వస్తోందని పాత రకం తీసుకుంటే కొన్ని ఛానళ్లు రావు.

అసలు తలనొప్పి డిష్ ఎక్కడ పెట్టాలన్నది. మాది ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేము మూడో అంతస్తు. టెర్రస్ మీద డిష్‌లు పెట్టకూడదు. ఈ రూలు 2014 అక్టోబర్ 12 తర్వాత వచ్చింది. ఆ రోజు తారీఖు వైజాగ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు, హుద్‌హుద్ తుఫానుకి పైనున్న డిష్‌లు ఒక్కటీ మిగల్లేదట. ఆ తర్వాత స్లాబ్‌కి వాటర్ ప్రూఫింగ్ చేయించారు, ఇక దాన్ని ఎవరూ డ్రిల్లింగ్ మెషిన్‌తో ముట్టుకోకూడదు. నాకైతే ఈ రూలు మీద కోపం లేదు. ఐదో అంతస్తు వాళ్ల బెడ్‌రూమ్ సీలింగ్ చూసినవాళ్లెవరికీ ఉండదు.

కాబట్టి బాల్కనీ. షాపువాడే ఒక కుర్రాణ్ణి పంపాడు. బాల్కనీ చూడగానే పెదవి విరిచాడు. "ఇక్కడ అవ్వదు మేడమ్. పైన స్లాబ్ అడ్డం ఉంది కదా. టెర్రస్ మీదైతే ఐదు నిమిషాల్లో అయిపోద్ది." నేను బతిమాలితే పక్క గోడకి ఎంత ఎత్తులో వీలైతే అంత ఎత్తులో డిష్‌ని పట్టుకుని తిప్పి చూశాడు. గంటసేపు తిప్పాడు. బాక్సులో రెండు గీతలు ఉంటాయి, స్ట్రెంత్ అని ఒకటి, క్వాలిటీ అని ఒకటి. స్ట్రెంత్ చూసి మోసపోకండి, వైరు సరిగ్గా పెడితే అది ఆకాశం లేకపోయినా వస్తుంది. క్వాలిటీ గీత సున్నా దగ్గర నుంచి కదల్లేదు. పాపం డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాన్న అంతసేపూ కుర్చీలో కూర్చుని చూశారు, నోరు విప్పలేదు. వాడు వెళ్ళాక నన్ను అడిగారు, "ఆ శాటిలైట్ ఎక్కడుంటాదో తెలుసా?"

ఫోన్లో చూసి చెప్పాను. జీశాట్-15, 2015 నవంబర్లో పైకి పంపారు. భూమధ్యరేఖ మీద 93.5 డిగ్రీల తూర్పున, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మ్యాపులో చూస్తే నికోబార్ దీవులకి నేరుగా కింద, సముద్రం మీద. "అంటే పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎల్లే వైపే, ఇంకొంచెం దక్షిణానికి" అన్నారు. మన ఊరి నుంచి లెక్కేస్తే ఆగ్నేయం దాటి కాస్త దక్షిణానికి, 149 డిగ్రీలు. ఎత్తు 66 డిగ్రీలు. అంటే సముద్రం వైపు తిరిగి నిలబడి, మెడ బాగా పైకెత్తి చూడాలి. మా బాల్కనీ సముద్రం వైపే. దిక్కుకి ఇబ్బంది లేదు, ఇబ్బంది ఆ ఎత్తుతోనే.

ఫోన్లో కంపాస్ పెట్టి చూశాను. ఇనుప గ్రిల్ దగ్గరికి వెళ్తే ఒక దిక్కు, గుమ్మం దగ్గర ఇంకో దిక్కు. విసుగొచ్చి లోపలికి వచ్చేశాను.

అప్పుడు నాన్న ఒక మాట అన్నారు. "ఏటా మార్చిలోనూ అక్టోబర్లోనూ కేబుల్ వాళ్లు కింద స్క్రోలింగ్ వేసేవారు, గుర్తుందా? సూర్యుడు అడ్డం వచ్చి కాసేపు బొమ్మ పోతాదని."

గుర్తుంది. సన్ అవుటేజ్. ఆ కొద్ది రోజులు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు, ఆ నిమిషాల్లో డిష్‌కి సూర్యుడి రొద తప్ప ఇంకేం వినపడదు. గుర్తొచ్చింది గానీ ఆయన ఎక్కడికి వెళ్తున్నారో నాకు వెంటనే వెలగలేదు.

"ఇప్పుడు అక్టోబరే కదమ్మా" అన్నారు.

దసరా సెలవులు. అక్టోబర్ మొదటి వారం. మన దగ్గర ఈ శాటిలైట్‌కి ఆ వేళ ఉదయం పదకొండు ప్రాంతంలో వస్తుంది. మర్నాడు పదిన్నర నుంచే నాన్న బాల్కనీలో పీట వేసుకుని, చేతిలో సుద్దముక్కతో కూర్చున్నారు. పదకొండుకి ఎండ పిట్టగోడ మీదుగా దిగి నేల మీద ఒక పట్టీలా పడింది. పిట్టగోడ నీడ అడుగున్నర దాకా, ఆ తర్వాత ఎండ, దాదాపు మూడడుగుల వెడల్పు. ఆ వెనక పైఅంతస్తు స్లాబ్ నీడ మొదలైంది. ఎండ చుట్టూ సుద్దతో గీత గీశారు. "ఇప్పుడు సూర్యుడున్న చోటే శాటిలైట్ ఉంది. ఎండ పడిన చోట సిగ్నల్ కూడా పడాల" అన్నారు.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఫోన్లూ యాప్‌లూ పెట్టుకుని నేను రెండు రోజులు కొట్టుకున్నాను!

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. ఆ కుర్రాడు డిష్‌ని పైకి పెట్టడమే తప్పు. ఎండ పట్టీలో చెయ్యి పెట్టి చూడండి. నేల దగ్గర ఎండ నాలుగున్నర అడుగుల దాకా లోపలికి వస్తుంది. చెయ్యి పైకి లేపేకొద్దీ ఎండ బయటికి జరుగుతుంది, స్లాబ్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోకి ఒక్క అంగుళం కూడా రాదు. పైన కప్పు ఉన్నచోట డిష్‌కి ఆకాశం కావాలంటే కిందికి దించాలి. టెర్రస్ మీద పనిచేసి అలవాటైన వాళ్లకి ఇది తోచదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకి నెత్తి మీద ఎప్పుడూ ఆకాశమే.

పెయింటు బకెట్లో కాంక్రీట్ పోసి, మధ్యలో గొట్టం నిలబెట్టి, డిష్ దానికి బిగించారు. గోడకి కన్నం లేదు, అసోసియేషన్‌కి మాట్లాడ్డానికేం లేదు. డిష్ చూస్తే ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు తల వైపు చూస్తున్నట్టు ఉంటుంది గానీ, దాని చూపు ఇంకా పైకి ఉంటుంది. చిప్ప తయారీలోనే ఆ వాలు పెడతారు, అందుకే ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింద చెయ్యి చాపినట్టు ఉంటుంది. పదకొండు దాటాక అరగంట ఆగాం, ఎందుకంటే సూర్యుడు వెనకే ఉండగా ట్యూన్ చేస్తే ఏమీ రాదు కదా. తర్వాత బాక్సులో ఫ్రీ డిష్ ట్యూనింగ్ నంబర్లు, 11090, వర్టికల్, 29500 కొట్టాను. నాన్న డిష్‌ని వెంట్రుకవాసి కదుపుతున్నారు, పిల్లాడు గుమ్మంలో నిలబడి క్వాలిటీ నంబర్లు అరుస్తున్నాడు. సున్నా, సున్నా, 12, సున్నా, 38. అక్కడ నట్టు బిగించి, ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే ఒక పక్కకి మెల్లగా తిప్పారు. 44, 53, 61. "చాలు, ముట్టుకోకండి" అని మా ఆయన లోపల్నుంచి అరిచారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన చేసిన సాయం అదొక్కటే.

ఏం వస్తాయి అంటారా? ఆశలు తగ్గించుకోండి. తెలుగులో నమ్మకంగా సప్తగిరి, యాదగిరి. ప్రైవేటు ఛానళ్లకి ప్రసారభారతి స్లాట్లు వేలం వేస్తుంది, పాడుకున్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు పోతారు. వేలానికి వచ్చేది ఎక్కువగా హిందీ వాళ్లు. సీరియళ్లు కావాలంటే ఇది కాదు మీ దారి. క్రికెట్ వాళ్లకి మాత్రం చిన్న లాభం ఉంది. దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 చట్టం చెప్పే మ్యాచ్‌లు ఫ్రీ డిష్‌లో వస్తాయి, కేబుల్లో అదే డీడీ పెట్టినా రావు. ఇక మన ఊరి లోకల్ కేబుల్ ఛానల్, చందనోత్సవం రోజు సింహాచలం క్యూలైన్లు పొద్దున్నించి చూపించేది, అది ఆకాశంలోంచి రాదు. దానికి నాన్నకి ఫోన్లో యూట్యూబే. ఆ ఒక్కరోజుకీ సర్దుకున్నారు.

గట్టి వాన పడితే బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోతుంది, తగ్గాక వస్తుంది. ఉప్పుగాలికి వైరు కొసలు తుప్పు పట్టకుండా నాన్న గ్రీజు రాసి టేపు చుట్టారు. మీరు కూడా ఎండతో కొలుచుకోవాలనుకుంటే అక్టోబర్ మొదటి వారం కాకపోతే మార్చి రెండో వారం, అప్పుడు టైము పదకొండుంపావు దాటాక. డిసెంబర్లో ఎండ ఇంకా లోపలికి వస్తుంది, దాన్ని నమ్మి డిష్ పెడితే నా పూచీ లేదు.

అంతా బాగుందనుకున్నాక కొత్త తద్దినం. రోజూ ఉదయం పది అవగానే సిగ్నల్ పోవడం. వాన లేదు, మబ్బు లేదు. పన్నెండుకి దానంతటదే వచ్చేది. వైరు మార్చాం, కనెక్టర్ మార్చాం. వారం తర్వాత ఒక రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉంటే అప్పుడు దొరికింది. నాలుగో అంతస్తు ఆంటీ పదింటికి బట్టలు ఉతికి, చీరలు వాళ్ల పిట్టగోడ మీంచి కిందికి వేలాడేస్తారు. సరిగ్గా శాటిలైట్‌కీ మా డిష్‌కీ మధ్యలో తడి చీర.

వెళ్ళి చెబుదామని నేనంటే నాన్న వద్దన్నారు. "ఆవిడ ఇక్కడ పదేళ్లబట్టి ఆరేస్తున్నారు. మనం మొన్న వచ్చాం." ఇప్పుడు పదింటికి బొమ్మ పోతే రిమోట్ ముట్టుకోరు. లేచి బాల్కనీలోకి వెళ్ళి, పైకి చూసి వస్తారు.

"ఇవాళ సింథటిక్. పావుగంటలో ఆరిపోద్ది" అని చెప్పి కూర్చుంటారు.