కళ్ళు పోతాయి

అమ్మకి కుడికంటి శుక్లం ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం. సికింద్రాబాద్ చిలకలగూడ ఇంట్లో, కంటి మీద ప్లాస్టిక్ డిప్ప అతికించుకుని, మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. మా ఏడేళ్ళవాడు ఎదురుగా నిలబడి చాలాసేపు చూశాడు. చూసి చూసి, వాడికొచ్చిన తెలుగులో అడిగాడు.

"అమ్మమ్మా, నువ్వేం తప్పు చేశావ్?"

అమ్మకి అర్థం కాలేదు. నాకు అయింది. రెండు రోజుల ముందు వీడు ఫోన్ చార్జర్ కోసం పై అరకి చెయ్యి అందక, ఎత్తు కోసం దొరికినదాని మీద ఎక్కాడు. దొరికింది అమ్మ పెద్దక్షరాల బైబిలు. వంటింట్లోంచి వస్తూ చూసిన అమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "ఒరేయ్ దిగు! లెంపలేసుకో! కళ్ళు పోతాయ్!" వాడికి లెంపలేసుకోవడం తెలీదు. నేను చూపిస్తే వేసుకున్నాడు. కళ్ళు పోవడం గురించి మాత్రం మనసులో పెట్టుకున్నట్టున్నాడు. తప్పు చేస్తే కళ్ళు పోతాయి. అమ్మమ్మకి కన్ను పోయింది. మిగతా లెక్క వాడే వేసుకున్నాడు.

మాది మూడు తరాల సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. అయినా "లెంపలేసుకో, కళ్ళు పోతాయి" అనేది ఏ మిషనరీ దొర నేర్పిన మాటా కాదు. గుడి ముందు నిలబడినా చర్చి ముందు నిలబడినా తెలుగు అమ్మమ్మలు అనే మాట అది. ఈ నేలలోంచే వచ్చింది. నేనూ అది విని పెరిగినదాన్నే. నాకెప్పుడూ అది నిజమని అనిపించలేదు, అబద్ధమనీ అనిపించలేదు. ఉగ్గుపాలతో వచ్చిన మాటల్ని ఎవరు పరీక్షించి చూస్తారు? పదమూడేళ్ళుగా వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. వాళ్ళకి మన మాటలన్నీ అక్షరాలా అర్థమవుతాయి, చిక్కంతా అక్కడే.

పెద్దదానికి పన్నెండేళ్ళు. దానితో ఈ గొడవ ఇంకా ముందే మొదలైంది. కార్డిఫ్‌లో మా తెలుగువాళ్ళ కూడిక నెలకోసారి ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని జరుగుతుంది. మిగతా ఆదివారాలు ఇంటి దగ్గరి ఇంగ్లీషు చర్చికి వెళ్తాం. ఒక ఆదివారం అక్కడ సామెతల గ్రంథం తొమ్మిదో అధ్యాయం చెప్పారు. జ్ఞానానికి మొదలు దేవుని ఫియర్ అని. ఇంటికొచ్చి అడిగింది. "స్కూల్లో ఏం చెప్పారంటే, పెద్దవాళ్ళెవరైనా నిన్ను భయపెడితే నువ్వు నమ్మే ఇంకో పెద్దవాళ్ళకి చెప్పు అని. దేవుడు భయపెడితే ఎవరికి చెప్పాలి మమ్మీ?"

అక్కడి సండే స్కూలు టీచర్ని అడిగితే, ఆమె పాపం మంచావిడ, ఫియర్ అంటే నిజంగా ఫియర్ కాదు, రెస్పెక్ట్ అనుకోండి అంది. ఆ జవాబు నాకు నచ్చలేదు. గౌరవం మనం బ్యాంకులో మేనేజరుకి కూడా ఇస్తాం. దేవుడు దిగివచ్చిన సీనాయి కొండ పొగలు కక్కుతుంటే దూరంగా నిలబడి వణికిన జనానికి కలిగింది గౌరవం కాదు. పైగా అక్కడ మోషే అన్న మాట వింతగా ఉంటుంది. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం, ఇరవయ్యో వచనం. మొదట "భయపడకుడి" అంటాడు. అదే వాక్యంలో, మీరు పాపం చేయకుండా ఉండేలా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడంటాడు. భయపడొద్దు, భయం ఉండాలి. రెండూ ఒక్క ఊపిరిలో.

తెలుగు బైబిలు తీసి దానికి చూపించాను. "యెహోవాయందు భయభక్తులు గలిగియుండుటయే జ్ఞానమునకు మూలము." మనవాళ్ళు భయం అని ఊరుకోలేదు, పక్కన భక్తిని కూర్చోబెట్టారు. హీబ్రూలో ఉన్న యిర్‌ఆ అనే మాటలో వణుకూ ఉంది, చేతులు జోడించాలనిపించే విస్మయమూ ఉంది. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టింది. తెలుగులో జంటపదం దొరికింది. ఆ అనువాదం చేసినవాళ్ళకి ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదో గానీ, నాకు ఆ ఒక్క మాటకే వాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది. మా అమ్మాయి మాత్రం "అంటే హాఫ్ ఫియరా?" అంది. కాదే అని చెప్పాను గానీ, ఏం కాదో చెప్పలేకపోయాను.

ఇక శిక్ష సంగతి. ఈసారి సెలవులకొచ్చాక అమ్మ మనవడికి రోజుకో కంఠత వాక్యం పెట్టింది. వాటిలో ఒకటి బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రికలోది, అంటే ఉత్తరంలోది. "ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి..." వాడు శిక్ష అంటే పనిష్మెంట్ అని నేర్చుకున్నాడు. కూడబలుక్కుని తెలుగు అక్షరాలు చదవడం కూడా వచ్చేసరికి వీధిలో కనిపించిన ప్రతి బోర్డూ చదువుతున్నాడు. ఒకరోజు కూరగాయలకి వెళ్తుంటే ప్రభుత్వ బడి గోడ మీద ఉన్న అక్షరాలు కూడబలికి, ఆగిపోయి, నా చెయ్యి లాగాడు.

"స-మ-గ్ర శి-క్ష. మమ్మీ, సమగ్ర అంటే?"

"మొత్తం, పూర్తి."

వాడి మొహంలో రంగు మారింది. "ఈ స్కూల్లో అందరికీ ఫుల్ పనిష్మెంటా?"

నవ్వాపుకోలేక బడి గోడకే ఆనుకున్నాను. అది 2018లో కేంద్రం మొదలుపెట్టిన పథకం పేరు, హిందీలో శిక్ష అంటే చదువు అని చెప్పాను. సంస్కృతంలోనూ అంతే. తెలుగులోకొచ్చేసరికి చదువు సగం శిక్షణ అనే మాటలోకి పోయింది, శిక్ష చేతిలో బెత్తం మిగిలింది. వాక్యంలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడి గ్రీకు మాట పైదియా. పిల్లవాడు అనే మాటలోంచి పుట్టింది. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, లేపి, దిద్ది, పెంచే పని మొత్తం అందులో ఉంది. దెబ్బ అందులో ఒక భాగం కావచ్చు. అదే మొత్తం కాదు. మా అమ్మాయి పక్కనుంచి అందుకుని, స్కూల్లో వాళ్ళు చదివే వెల్ష్ భాషలో విద్యార్థినీ, యేసు శిష్యుణ్ణీ ఒకే మాటతో పిలుస్తారంది. డిస్గిబిల్. డిసిప్లిన్‌కి కూడా ఆ మాటలోంచే వచ్చిన మాటట. మన శిష్యుడు, శాసనం కూడా ఒకే ధాతువు నుంచి వచ్చినవే కదా అనుకున్నాను.

మాటల అర్థాలు తెలిసినంత మాత్రాన ఒంటి మీద వాతలు మాయం కావు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. బీరువా వెనక ఒక బెత్తం ఉండేది. మార్కులు తగ్గితే తీసేవాడు. "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అని సామెతల వాక్యం చెప్పి మరీ కొట్టేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పుడు అనకూడదేమో గానీ అంటాను. ఆ దెబ్బల్లో సగం నా మార్కులకి పడ్డవి కావు. వర్క్‌షాపులో ఫోర్‌మన్ మీద కోపం నా అరచేతుల్లో దిగేది. అదే హెబ్రీయుల పన్నెండో అధ్యాయం ఈ మాట దాచకుండా చెబుతుంది. మన శరీర సంబంధులైన తండ్రులు కొన్ని దినాలు "తమకిష్టము వచ్చినట్టు" శిక్షించారు, దేవుడు మాత్రం మన మేలు కోసమే శిక్షిస్తాడు అని. బెత్తం వాక్యం కంఠతా వచ్చిన తండ్రులకి ఈ వాక్యం ఎందుకు రాదో నాకు తెలీదు. "తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక" అనే ఎఫెసీయుల వాక్యమూ అంతే.

నేనేం గొప్పదాన్ని కాదు. వేల్స్‌లో 2022 మార్చి 21 నుంచి పిల్లల్ని కన్నవాళ్ళు కొట్టడం కూడా నేరం. ఆ తర్వాతే ఒకరోజు వీడు నా లాప్‌టాప్ మీద గ్లాసుడు పాలు ఒలకబోశాడు. చెయ్యి లేచింది. గాల్లోనే ఆగింది. ఆపింది దేవుని భయం అయితే బాగుండేది. నా కళ్ళ ముందు కదిలింది పక్కింటివాళ్ళ పల్చటి గోడ, నర్సుగా నా రిజిస్ట్రేషన్. రాత్రి పడుకున్నాక చాలాసేపు అదే ఆలోచించాను. దొరకనంతవరకే పనిచేసే భయం అది. నాన్న ఊళ్ళో లేనప్పుడు మాకుండే ధైర్యం లాంటిదే.

ఇంకో రకం భయం కూడా ఆయన దగ్గరే తెలిసింది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు సండే స్కూల్లో వెయ్యమని ఇచ్చిన రెండు రూపాయల కానుకతో చర్చి గేటు బయట పాలైసు కొనుక్కుని తిన్నాను. కానుక వేశావా అంటే వేశానన్నాను. సాయంత్రానికి తెలిసిపోయింది, ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. బెత్తం కోసం చేతులు చాపి నిలబడ్డాను. ఆయన బీరువా వైపు వెళ్ళలేదు. "సరేలే, పో" అన్నాడు. అంతే. తర్వాతి శనివారం అమ్మ చెప్పింది, నాన్న వర్క్‌షాపు క్యాంటీన్లో టీ నాలుగు రోజులుగా తాగడం లేదని. టీ అర్ధరూపాయి. ఆదివారం పొద్దున నా రెండు రూపాయలతో పాటు ఇంకో రెండు రూపాయల బిళ్ళ నా చేతిలో పెట్టాడు. "పోయినవారంది" అన్నాడు.

ఆ రోజు పాలైసు బండి ముందు నుంచి నడుస్తుంటే నా కాళ్ళు వణికాయి. బెత్తానికి ఎప్పుడూ అంత వణకలేదు. మళ్ళీ కానుక తీయాలంటే ఆయన టీ గ్లాసు కనిపించేది. చాలా ఏళ్ళ తర్వాత 130వ కీర్తన చదువుతుంటే, జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకుతుంది అన్న మాట దగ్గర ఆగిపోయాను. శిక్ష ఉంది కాబట్టి భయం అని రాయలేదు కీర్తనకారుడు. క్షమాపణ ఉంది కాబట్టి అని రాశాడు. తలకిందులుగా రాశాడేమో అనిపిస్తుంది, పాలైసు తిననివాళ్ళకి.

ఇదంతా మా అమ్మాయికి చెబితే అది ఊరుకుని, "అయినా తాతయ్య కొట్టకుండా ఉండాల్సింది" అంది. ఉండాల్సిందే.

మళ్ళీ ఆ సాయంత్రం దగ్గరికొస్తాను. "ఏం తప్పు చేశావ్" అన్న ప్రశ్న వెనక కథ నేను చెప్పాక, అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తర్వాత కుటుంబ ప్రార్థనకి యోహాను తొమ్మిది తియ్యమంది. ఆ కంటితో ఆమె చదవలేదు కాబట్టి పెద్దదాన్ని చదవమంది. అది తడుముకుంటూ చదివింది. దారిలో పుట్టుగుడ్డివాడు కనిపిస్తే శిష్యులు అడుగుతారు. వీడు గ్రుడ్డివాడై పుట్టడానికి ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్ళా అని. మా చిన్నాడు లేచి కూర్చున్నాడు. తన ప్రశ్న బైబిల్లో ఉండటం వాడికి అదే మొదటిసారి.

"వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదుగాని..." దగ్గర అమ్మ చెయ్యెత్తి ఆపింది. "విన్నావురా? నాది శుక్లం. ముసలోళ్ళకి వస్తది. మీ ముసలి దొరలకి కూడా వస్తది. దానికి దేవున్ని అనొద్దు."

నర్సుని కాబట్టి నేనూ కంటిలో లెన్సు మసకబారడం గురించి చెప్పబోయాను. ఎవరూ వినలేదు.

వాడు అడిగాడు. "అయితే నేను బైబిలు మీద ఎక్కినా కళ్ళు పోవా?"

అమ్మ ఇరుకున పడింది. డెబ్భై ఏళ్ళ అలవాటు ఒకవైపు, యోహాను తొమ్మిది ఒకవైపు. డిప్ప లేని కంటితో వాణ్ణి చూసింది.

"పోవు," అంది. "అయినా ఎక్కొద్దు."

"ఎందుకు?"

"ఎక్కొద్దంతే. అది మీ తాత చదివిన బుక్కు."

ఆ జవాబులో వేదాంతం ఎంతుందో చర్చి అయ్యగార్లు తేల్చాలి. వాడు మాత్రం వెళ్ళి బైబిలు అట్ట మీద తన కాలి గుర్తు ఇంకా ఉందేమో వెతికి, చొక్కా అంచుతో తుడిచాడు.

మర్నాడు ఆసుపత్రిలో డిప్ప తీసేశారు. రోజుకి ఆరుసార్లు చుక్కల మందు. అలారం బాధ్యత వాడిది. మూడో రోజు మందు కూడా తనే వేస్తానన్నాడు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించాను. అమ్మ తల వెనక్కి వాల్చింది. కింది రెప్ప నేను లాగి పట్టుకున్నాను. వాడు సీసా పట్టుకుని ముందుకి వంగాడు. మొన కంటికి తగలకూడదని చెప్పానేమో, చెయ్యి గడగడా వణుకుతోంది. రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఊపిరి కూడా బిగపట్టాడు.

"భయమేస్తుంది అమ్మమ్మా."

"ఉండాల్లే," అంది అమ్మ, పైకప్పు వైపు చూస్తూ. "వెయ్యి."