క్షవరం కత్తి: కుళాయి దెబ్బ, సాన, తుప్పు

మడత కత్తితో గడ్డం గీసుకోవడంలో చెంపలు కుదిరాయి, మెడ పర్వాలేదు, చుబుకం కింద గుంట మాత్రం ఇంకా ఇబ్బందిగానే ఉంది. అక్కడ చర్మం బిగించి పట్టుకోవాలి, కత్తి 30 డిగ్రీలు దాటి లేవకూడదు, పక్కకి అసలు జరగకూడదు. విజయవాడ ఎండల్లో చెమటకి చర్మం వేళ్లకి దొరకదు, అందుకే పట్టుకునే చోట పొడి పటిక రాసుకుంటున్నాను. మొహం మీద చిన్న గాట్లకీ ఆ పటికే మందు. కత్తికి తగిలే దెబ్బలే ఖరీదైనవి. అవన్నీ మొహానికి దూరంగా తగిలినవే.

మొదటిది కుళాయి దగ్గర. నురుగు కడుగుతుంటే కత్తి ముక్కు స్టీలు కుళాయికి టక్కున తగిలింది. ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే అంచు మీద ఒక్కచోట మెరుపు. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే కటకంలో చూస్తే దాదాపు అర మిల్లీమీటరు పెచ్చు లేచి ఉంది. ఈ కత్తులకి రెండు పక్కలా లోతుగా గుల్ల తీసి ఉంటుంది కాబట్టి అంచు దగ్గర ఉక్కు మహా పల్చన. పైగా గట్టితనం రాక్‌వెల్ స్కేలు మీద 60కి అటూఇటూ. అంత గట్టి ఉక్కు వంగదు, విరుగుతుంది. ఇప్పుడు సింకులో తువ్వాలు పరిచి, కుళాయి వాడకుండా మగ్గులో నీళ్లతో కడుగుతున్నాను.

ఆటోనగర్‌లో గ్రైండర్ మీద పెడితే రెండు నిమిషాల పనే కదా అని ఇంట్లో సలహా. వద్దన్నాను. అంత పల్చటి అంచు చక్రానికి తగిలితే క్షణంలో నీలంగా మారుతుంది. ఆ రంగు వచ్చిందంటే వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టే, ఇక పదును నిలవదు. వీధిలోకి సైకిలు మీద వచ్చి సాన పట్టే ఆయన కత్తిపీటకి, కత్తెరకి బాగా పడతాడు గానీ ఇది ఆయన చక్రానికి సరిపడే సరుకు కాదు.

కాబట్టి ఇంట్లోనే, రాళ్ల మీద. ముందు 1000 గ్రిట్ (రాయి గరుకు అంకె, పెరిగేకొద్దీ నునుపు) రాయిని చదును చేయాలి. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అద్దం మీద పరిచిన గరుకు కాగితానికేసి గళ్లన్నీ చెరిగేదాకా రుద్దాను. కత్తి వీపు (అంచుకి ఎదురుగా ఉండే మందమైన పక్క), అంచు రెండూ రాయికి ఆనాలి. కోణం మనం పట్టుకునేది కాదు, వీపు మందమే ఇస్తుంది. నా కత్తి వెడల్పు 19 మిల్లీమీటర్లు, వీపు మందం 5, అంటే కోణం 15 డిగ్రీలు. వీపు అరగకుండా కరెంటు టేపు ఒక పొర వేస్తే ఇంకాస్త పెరుగుతుంది. టేపుతో మొదలుపెడితే చివరి రాయి దాకా టేపు ఉండాల్సిందే. మధ్యలో తీస్తే అంచు రాయికి తగలదు.

పెచ్చు లేచిన చోట మాత్రమే అరగదీస్తే అక్కడ గుంట పడుతుంది. అంచు మొత్తాన్నీ ఆ అర మిల్లీమీటరు కిందకి దించాలి, అదే విసుగు. ఒక ఆదివారం సాయంత్రం అంతా దానికే పోయింది. మార్కర్‌తో అంచుకి సిరా పూసి ఒక్కసారి రాయి మీద తోస్తే, ఎక్కడ తగలడం లేదో సిరానే చెబుతుంది. నాకు మడమ దగ్గర, అంటే పిడి వైపు అంచు చివర, సిరా అలాగే మిగిలింది. తర్వాత 5000, 8000, 12000. ముందు రాయి గీతలు పోయాకే తర్వాతి రాయి. చివరి రెండింటి మీద కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు.

రాళ్ల పని అయ్యాక తోలు పట్టీ మీద తుది మెరుగు. రాయి మీద అంచు ముందు నడుస్తుంది, తోలు పట్టీ మీద వీపు ముందు నడుస్తుంది. తిప్పేటప్పుడు వీపు మీదే దొర్లించాలి. అంచు మీద తిప్పితే తోలుకి గాటు, అంచుకి మడత, రెండూ ఒకేసారి. పట్టీ వదులుగా ఉన్నా తోలు వంగి అంచుని చుట్టుకుంటుంది, పట్టిన సాన అంతా గుండ్రబడిపోతుంది. గాటు పడ్డ నా పట్టీని చెప్పులు అతికే గమ్ముతో అతికించి సన్న గరుకు కాగితంతో రుద్దాను. పని చేస్తోంది, చూడ్డానికే బాగోలేదు.

గవర్నరుపేటలో నేను వెళ్లే సెలూన్ పెద్దాయనకి కత్తి చూపించాను. వెలుతురులో అటూఇటూ తిప్పి చూసి, "ఈ సాన గోల పడలేకే బాబూ, మేం సగం బ్లేడు కత్తికి మారింది" అన్నాడు. తలకో కొత్త బ్లేడు, అంటురోగాల భయం కూడా ఉండదు. వ్యాపారానికి అదే సరైనది.

ఇక తుప్పు. కార్బన్ ఉక్కుకి మన వానాకాలం పడదు. తోలు ఒరలో పెట్టిన కత్తికి వీపు పక్కన నారింజ చుక్కలు వచ్చాయి. మెటల్ పాలిష్‌తో అవి పోయాయి. అంచు దగ్గర వచ్చి ఉంటే ఉక్కు గుంటలు పడి, సాన పడుతుంటే అక్కడే పెచ్చులు లేచేవి. బోరు నీళ్ల తెల్లమరకలు కూడా చెమ్మని పట్టి ఉంచుతాయి. ఇప్పుడు వీపు నుంచి అంచు వైపు తుడిచి, ఆరనిచ్చి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క పూసి, బాత్‌రూమ్‌లో కాకుండా బీరువాలో పెడుతున్నాను. పక్కన చెప్పుల డబ్బాలో వచ్చిన సిలికా పొట్లం. కొబ్బరి నూనె కొన్నాళ్లకి జిగటగా తయారైంది, మానేశాను.

ప్రస్తుతం మడమ దగ్గర మూడు మిల్లీమీటర్లు పదును లేదు. ఆ భాగం మొహానికి తగలదు కనుక దాన్ని కదిలించను. ముక్కు మొన గుచ్చుకుంటోంది, వచ్చే వారం 5000 రాయి మీద కొద్దిగా గుండ్రం చేయాలి.