తడి బంతితో ఒక ఆదివారం: మా రౌండర్స్ సాధన నమోదు, తొమ్మిదో వారం

ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో మేము ఆడే మహిళల రౌండర్స్ జట్టులో నాకిది రెండో సీజను. రౌండర్స్ అంటే బ్యాటుతో బంతిని కొట్టి, నిలువుగా నిలిపిన నాలుగు కర్రల (పోస్టుల) చుట్టూ పరుగెత్తే ఆట. వికెట్ కీపరులాగా బ్యాటరు వెనుక నిలబడే బ్యాక్‌స్టాప్ స్థానం నాది. ప్రతి వారం ఆట ముగిశాక నా చేతికి వచ్చిన బంతులను, జట్టు ఇచ్చిన అదనపు పరుగులను ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఈ వారపు నమోదు మామూలు కంటే పెద్దది, ఎందుకంటే మొదటి బంతి నుంచి చివరి బంతి వరకు వానలోనే ఆడిన మొదటి ఆట ఇది.

మా జట్టులో చాలామంది ఈ ఆటను బడి రోజుల నుంచే ఎరుగుదురు. ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నవాళ్ళం నేను, కరీంనగర్ నుంచి వచ్చిన ఒక చెల్లెలు మాత్రమే. 46 సెంటీమీటర్లకు మించని పొట్టి గుండ్రటి బ్యాటును ఒంటి చేత్తో పట్టుకుని కొట్టాలని మొదటి రోజు చూపించినప్పుడు ఆమె నా వైపు తిరిగి, "మన చిర్రగోనె లెక్కనే ఉన్నది కదా అక్కా" అంది. తెనాలి దగ్గర గోటీబిళ్ళ ఆడి పెరిగిన నాకు కూడా అదే తోచింది. అయితే ఇక్కడ కొట్టినా, కొట్టలేకపోయినా, మంచి బంతి (అంటే నో బాల్ కానిది) పడితే బ్యాటు చేతిలో ఉంచుకునే పరుగెత్తాలి, నాలుగు పోస్టులను వరుసగా బయటి వైపు నుంచి చుట్టి రావాలి. బంతిని కొట్టి, తర్వాతి బంతి పడేలోగా నాలుగో పోస్టును తాకితే ఒక రౌండరు. రెండో పోస్టు దాకా వెళ్ళగలిగితే అర రౌండరు. వానలో ఆటను తేల్చేవి ఈ అరలే.

ఆదివారం పొద్దున పదకొండు గంటలకు మైదానం చేరేసరికి పన్నెండు డిగ్రీల చలి, పడమటి నుంచి ఈదురుగాలి, ఆగని ముసురు. మైదానం థేమ్స్ ఒడ్డున పల్లపు నేల కావడంతో, ఆడాలా వద్దా అన్న నిర్ణయం కోసం మా కెప్టెన్, అవతలి కెప్టెన్, అంపైరు కలిసి పోస్టులు నిలిపే నాలుగు చోట్లా మడమతో గట్టిగా నొక్కి చూశారు. మూడో పోస్టు చోట మడమ గుంటలో నీరు ఊరింది. దాంతో పిచ్ మొత్తాన్ని పది అడుగులు ఎత్తు వైపుకు జరిపి, పోస్టుల మధ్య దూరాలను మళ్ళీ టేపుతో కొలిచి పెట్టుకున్నాం: బ్యాటరు నిలబడే చోటు నుంచి మొదలుపెట్టి మొదటి మూడు అంతరాలు 12 మీటర్ల చొప్పున, మూడో పోస్టు నుంచి నాలుగో పోస్టుకు ఎనిమిదిన్నర మీటర్లు. ఉరుము వినిపిస్తే వెంటనే ఆపేయాలనీ, ఇన్నింగ్స్‌కు 25 మంచి బంతులు చాలనీ ఇరు జట్లూ ముందే ఒప్పుకున్నాయి.

మొదట ఫీల్డింగ్ మాదే. ఇబ్బంది మా బౌలరు దగ్గరే మొదలైంది. రౌండర్స్‌లో బంతిని చేతిని కింది నుంచి ఊపి, నేలను తాకకుండా, బ్యాటరు మోకాలికి పైన, తల కంటే కింద పడేలా వేయాలి. తోలు బంతి తడిసి వేళ్ళ నుంచి ముందే జారిపోతే అది మోకాలి కిందికి పోతుంది, ఆలస్యంగా వదిలితే తల మీదికి లేస్తుంది. ఒకే బ్యాటరుకు వరుసగా రెండు నో బాల్స్ పడితే అవతలి జట్టుకు అర రౌండరు ఊరికే ఇచ్చినట్టే. మొదటి ఇన్నింగ్స్‌లోనే అలా రెండు సార్లు జరిగింది. మే నెలలో పొడి మైదానం మీద ఆడిన ఆటలో ఒక్క అర కూడా ఇవ్వని బౌలరు ఆమె. తప్పు ఆమె చేతిది కాదని అందరికీ తెలుసు, అయినా ప్రతిసారీ ఆమె ముఖం వాడిపోవడం చూస్తే నాకు చాలా బాధ కలిగింది.

అవతలి జట్టు ఐదున్నర చేసింది. మేము బ్యాటింగుకు దిగి నాలుగు చేశాం. అందులో నా వంతు అర మాత్రమే, అది కూడా చేజార్చుకోవలసింది: రెండో పోస్టు దగ్గర వేగం తగ్గించకుండా చేయి చాపితే కాళ్ళు ముందుకు జారి, పోస్టును అతి కష్టం మీద ఎడమ చేత్తో అందుకున్నాను. పోస్టులు ఎప్పుడూ మన ఎడమ పక్కనే వస్తాయి కాబట్టి, గడ్డి తడిగా ఉన్నప్పుడు రెండు అడుగుల ముందే చిన్న చిన్న అంగలు వేసి, శరీర బరువును కుడి కాలి మీద నిలిపి పోస్టును పట్టుకోవాలని ఆ తర్వాత మా చెల్లెలు చేసి చూపించింది. ఆమె గరుకు అడుగున్న కొండదారి బూట్లు వేసుకుని వచ్చింది. నా అడుగు అరిగిన పరుగు బూట్లు ఇలాంటి నేలకు పనికిరావు.

విరామంలో మేము మార్చుకున్నవి రెండే పద్ధతులు, కానీ రెండూ పనిచేశాయి. మొదటిది, బౌలరు ఒక చిన్న తువ్వాలును కొంగు దోపుకున్నట్టు నడుముకు దోపుకుని, ప్రతి బంతికీ ముందు బంతినీ అరచేతినీ తుడుచుకోవడం. అంపైరు అనుమతి అడిగితే, ఆలస్యం చేయనంత వరకు అభ్యంతరం లేదన్నారు. రెండోది, దూరపు విసుర్లు మానేయడం. పొడి వాతావరణంలో మా దూరపు ఫీల్డర్లు నేరుగా రెండో పోస్టుకో నాలుగో పోస్టుకో విసురుతారు, తడి బంతితో అది మూడింట ఒకటి కూడా చేతికి చిక్కడం లేదు. అందుకని బంతి ఎక్కడ ఆగినా దాన్ని ముందుగా బౌలరుకు చేర్చాలని అనుకున్నాం, ఎందుకంటే బౌలరు బంతి వేయడానికి గీసిన తన చదరంలో బంతి పట్టుకుని నిలబడితే పోస్టు దగ్గరున్న బ్యాటరు ముందుకు కదలకూడదు, దారిలో ఉన్నవారు తర్వాతి పోస్టు దగ్గర ఆగిపోవాలి. అవుట్ చేసే అవకాశాలు తగ్గుతాయి, నిజమే. కానీ గురి తప్పిన ప్రతి విసురుకూ పోయే అర రౌండర్లు కూడా తగ్గుతాయి. నా వరకు నేను మొదటి పోస్టుకు భుజం మీదుగా విసరడం మాని, ఒక అడుగు ముందుకు వేసి కింది నుంచి అందించాను.

రెండో ఇన్నింగ్స్‌లో వాళ్ళు నాలుగే చేయగలిగారు, నో బాల్స్ వల్ల ఇచ్చిన అర ఒక్కటే. మధ్యలో గాలికి మూడో పోస్టు రెండు సార్లు పడిపోతే అంపైరు నిలబెట్టారు. మేము ఐదు చేసి, మొత్తం మీద తొమ్మిదితో ఆగిపోయాం, వాళ్ళది తొమ్మిదిన్నర. అర రౌండరు తేడాతో ఓడాం, నో బాల్స్ వల్ల మేము ఇచ్చింది ఒకటిన్నర.

నా లెక్క ఇది. రెండు ఇన్నింగ్స్‌లో కలిపి నా చేతికి వచ్చిన బంతులు 23. వాటిలో శుభ్రంగా పట్టినవి 15, పట్టి జారవిడిచినవి 5, దాటిపోయినవి 3. మే నెల ఆటలో 21కి 19 పట్టాను. జారవిడిచిన ఐదింటిలో నాలుగు మొదటి ఇన్నింగ్స్‌లోనివే, అంటే చేతులను గట్టిగా బిగించి నిలబడినప్పటివి. రెండో ఇన్నింగ్స్‌లో మోచేతులు వదులు చేసి, బంతి తగిలే క్షణంలో చేతులను పొట్ట వైపుకు లాక్కున్నాక ఒక్కటే జారింది.

ఇంటికి వచ్చి బంతిని వంటింటి తూకం మీద పెట్టి చూశాను. ఆటకు ముందు 78 గ్రాములున్నది ఇప్పుడు 88 గ్రాములు తూగింది. నియమం ప్రకారం 70 నుంచి 85 మధ్య ఉండాలి. ఒకే బంతితో ఆట మొత్తం లాగించడం మా పొరపాటు. ఇకపై రెండు బంతులు మూత బిగించిన డబ్బాలో పెట్టుకుని, ఇన్నింగ్స్ మారినప్పుడల్లా మార్చాలి. తడిసిన బంతిని హీటరు మీద పెడితే తోలు బిరుసెక్కి కుట్ల దగ్గర పగులుతుంది కాబట్టి, పాత వార్తాపత్రికలో చుట్టి అలమరలో ఉంచి, రోజుకొకసారి కాగితం మార్చాను; మూడో రోజుకు 79 గ్రాములకు దిగింది. బూట్లలో కూడా అదే కాగితం కూరాను.

గురువారం సాయంత్రం సాధనకు మా బౌలరు ఒక బకెట్టు నీళ్ళు తెప్పించింది. పాత బంతిని ప్రతిసారీ అందులో ముంచి, తువ్వాలుతో ఒక్కసారి మాత్రమే తుడిచి, ఇరవై బంతుల చొప్పున రెండు విడతలు నాకు వేసింది. మొదటి విడతలో తొమ్మిది నో బాల్స్, రెండో విడతలో నాలుగు. బంతిని వేళ్ళ కొసలతో కాక, చూపుడు వేలు కుట్టు మీద ఆనేలా పట్టుకోవడం వల్ల తేడా వచ్చిందని ఆమె అంటోంది. వచ్చే వారం అదే పట్టుతో మూడు విడతలు వేస్తానంది. నేను కొత్త బూట్లతో వస్తానని చెప్పాను.