సీ, లుక్, వాచ్: చూపు పదాలను నేను చదివిన పద్ధతి

ఎస్‌ఎస్‌సీ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్టాఫ్ సెలెక్షన్ కమిషన్), బ్యాంక్ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్న తెలుగు మీడియం మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మ్యాథ్స్, రీజనింగ్ చకచకా చేసేవాళ్లు కూడా ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోవడం నంద్యాల కోచింగ్ హాళ్లలో చూశాను, హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలోనూ చూశాను. ఎస్‌ఎస్‌సీ పెట్టే ఎంటీఎస్ (పదో తరగతి స్థాయి), సీహెచ్‌ఎస్‌ఎల్ (ఇంటర్ స్థాయి) లాంటి పరీక్షలు తెలుగులో రాసే వీలు 2023లో వచ్చింది. కానీ ఇంగ్లీష్ సెక్షన్ మాత్రం ఇంగ్లీష్‌లోనే రాయాలి. డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ మొదటి దశ, అంటే టైర్-1లో దానికి 25 ప్రశ్నలు, 50 మార్కులు. టైర్-2లో 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కుల చొప్పున 135. అక్కడ ఒక్క తప్పు జవాబుకు ఒక మార్కు కోత పడుతుంది.

ఇంత విలువైన సెక్షన్‌ను సినానిమ్స్ (ఒకే అర్థమిచ్చే పదాల) లిస్టులు బట్టీ పట్టి గట్టెక్కడం కష్టం. లిస్టులో 'లుక్' పక్కన సీ, వాచ్, గేజ్, స్టేర్, గ్లాన్స్, గ్లింప్స్ అని వరుసగా ఉంటాయి. అన్నిటికీ ఎదురుగా 'చూడు' అని రాసుకుంటాం. తీరా పరీక్షలో ఫిల్ ఇన్ ది బ్లాంక్స్‌కో, క్లోజ్ టెస్ట్‌కో (ఖాళీలున్న పేరాను పూరించే ప్రశ్న) ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో రెండు మూడు ఆ లిస్టులోవే ఉంటాయి. అక్కడ అడిగేది ఆ పదాల మధ్య తేడా. ఆ తేడా పట్టుకోవడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మన తెలుగే.

ముందు 'సీ', 'లుక్' తీసుకోండి. రెండూ 'చూడు' అనుకున్నంత కాలం తికమక పోదు. తెలుగులో మనకు 'కనిపించు' వేరు, 'చూడు' వేరు. కొండ కనిపించడానికి నేనేమీ చేయక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. కొండ వంక చూడాలంటే మాత్రం నేను కావాలని తల తిప్పాలి. 'సీ' చాలావరకు మన 'కనిపించు'కు దగ్గర, 'లుక్' మన 'వంక చూడు'కు దగ్గర. ఇదే తేడా 'హియర్', 'లిజన్' జంటలోనూ ఉంది: వినిపించడం, వినడం. ఈ రెండు జంటలూ కలిపి చదివితే ఒకదానికొకటి గుర్తుంటాయి.

అయితే ఇక్కడ తెలుగు మనల్ని ఒక తప్పులోకి కూడా లాగుతుంది. 'నాకు కొండ కనిపిస్తోంది' అని మనం సహజంగా అంటాం కాబట్టి 'ఐ యామ్ సీయింగ్ ఎ హిల్' అనేస్తాం. కంటికి కనిపించడం అనే అర్థంలో 'సీ'కి ఐఎన్‌జీ రూపం వాడరు, 'ఐ కెన్ సీ ఎ హిల్' అనాలి. 'ఐ యామ్ సీయింగ్ ది డాక్టర్ టుమారో' అన్నది మాత్రం సరైన వాక్యమే, ఎందుకంటే అక్కడ 'సీ' అంటే కలవడం. స్పాట్ ది ఎర్రర్ ప్రశ్నల్లో ఈ రెంటినీ విడదీసి చూడటం అలవాటు చేసుకోండి. అలాగే 'కొండను చూడు' అనే అలవాటుతో 'లుక్ ది హిల్' అని రాయకండి. 'లుక్' పక్కన 'ఎట్' రావాలి. ఆ 'ఎట్'ను మన 'వంక', 'వైపు', 'కేసి' అనుకుంటే మర్చిపోరు.

'వాచ్'లో కాలం ఉంటుంది. కదిలేదాన్ని, మారేదాన్ని కాసేపు శ్రద్ధగా చూస్తూ ఉండటం. క్రికెట్ మ్యాచ్, టీవీ, ఆడుకుంటున్న పిల్లలు. గోడ మీద ఫొటోను వాచ్ చేయం, 'లుక్ ఎట్' అంటాం.

ఈ క్రియలతోనే ఇంకో ముఖ్యమైన గ్రామర్ పాయింట్ ఉంది, దీని మీద కాస్త టైమ్ పెట్టండి. 'ఐ సా హిమ్ క్రాస్ ది రోడ్', 'ఐ సా హిమ్ క్రాసింగ్ ది రోడ్' రెండూ కరెక్టే, అర్థం వేరు. మొదటిది 'అతను రోడ్డు దాటడం చూశాను', అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు పూర్తిగా దాటేదాకా చూశాను. రెండోది 'అతను రోడ్డు దాటుతుండగా చూశాను', అంటే మధ్యలో కంటపడ్డాడు. 'దాటడం', 'దాటుతుండగా' అని తెలుగులో ఎంత తేటగా ఉందో చూడండి. పాసివ్ వాయిస్‌లోకి మార్చేటప్పుడు మొదటి వాక్యానికి 'టు' వచ్చి చేరుతుంది: 'హీ వాజ్ సీన్ టు క్రాస్ ది రోడ్'. ఆప్షన్లలో 'టు' ఉన్నదీ, లేనిదీ పక్కపక్కనే పెడతారు.

ఇక చూపుల రకాలు. ఇక్కడ తెలుగు ఎంత సంపన్నమైన భాషో తెలిసి నాకు నిజంగా ఆనందం కలిగింది. ఇంగ్లీష్ ఒక్కో చూపుకు ఒక్కో పదం పెట్టుకుంటే, మనం 'చూడు' ముందు ఒక మాట చేర్చి అదే పని చేస్తాం. గుడ్లప్పగించి చూడటం 'స్టేర్'. అందులో ఆశ్చర్యం ఉండొచ్చు, మర్యాదలేనితనం ఉండొచ్చు. తదేకంగా, తన్మయంగా చూడటం 'గేజ్'. చుక్కల్ని చూస్తూ కూర్చోవడం, పసిబిడ్డ ముఖం చూస్తూ ఉండిపోవడం గేజ్ అవుతాయి. రెండూ ఎక్కువసేపు చూడటమే, కానీ చూసేవాళ్ల మనసు వేరు. ప్రశ్నలో 'అడ్మిరేషన్', 'వండర్' లాంటి మాట ఉంటే గేజ్ వైపు, 'రూడ్' లాంటి మాట ఉంటే స్టేర్ వైపు మొగ్గండి. కోపంతో కొరకొరా చూడటం 'గ్లేర్'. దీనికే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుతురు అనే అర్థమూ ఉంది, కాబట్టి పాసేజ్‌లో ఎండ, హెడ్‌లైట్లు ఉంటే కోపం అని పెట్టకండి. నోరెళ్లబెట్టి చూడటం 'గేప్'. తలుపు సందులోంచి తొంగి చూడటం 'పీప్'. సరిగా కనిపించక కళ్లు చికిలించి చూడటం 'పీర్'. ఇదే 'పీర్' నామవాచకంగా వస్తే మన ఈడువాళ్లు, మనతో సమానులు అని అర్థం.

చాలామందిని ఇబ్బంది పెట్టే జంట 'గ్లాన్స్', 'గ్లింప్స్'. రెండూ క్షణకాలమే. గ్లాన్స్ మనం వేసే చూపు. బస్సు కోసం నిలబడి గడియారం వైపు ఒకసారి చూస్తాం కదా, అది. గ్లింప్స్ మనకు దక్కే దృశ్యం. తిరుమలలో గంటల తరబడి క్యూలో నిలబడి, గర్భగుడి ఎదుటికి వచ్చాక వెనక జనం తోస్తుంటే స్వామి అలా ఒక్క క్షణం కనిపిస్తారు. అది గ్లింప్స్. సినిమా వాళ్లు పూర్తి టీజర్ కంటే ముందు చిన్న వీడియో వదిలి 'గ్లింప్స్' అని పేరు పెట్టడంలోనూ ఇదే అర్థం ఉంది. వాక్యంలో పక్కన వచ్చే మాటలు చూసినా జవాబు దొరుకుతుంది. గ్లాన్స్ అయితే 'టేక్ ఎ గ్లాన్స్ ఎట్', గ్లింప్స్ అయితే 'క్యాచ్ ఎ గ్లింప్స్ ఆఫ్'. 'ఎట్' ఉందా, 'ఆఫ్' ఉందా అన్నదాని మీదే కొన్ని ప్రశ్నలు తేలిపోతాయి.

'ఓవర్‌సీ', 'ఓవర్‌లుక్' అనే జంటను ప్రత్యేకంగా చెప్పాలి. 'సీ', 'లుక్' దగ్గరి పదాలు కదా అని వీటినీ దగ్గరివి అనుకుంటే దెబ్బతింటాం. ఓవర్‌సీ అంటే దగ్గరుండి పర్యవేక్షించడం. ఓవర్‌లుక్ అంటే గమనించకపోవడం, లేదా చూసీచూడనట్టు వదిలేయడం. దాదాపు ఒకదానికొకటి ఎదురు. దీనికి తోడు 'ఓవర్‌సైట్' అనే పదానికి పర్యవేక్షణ, పొరపాటున వదిలేయడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. వాక్యం మొత్తం చదవకుండా దానికి జవాబు పెట్టకండి. 'ది హౌస్ ఓవర్‌లుక్స్ ది సీ' అని వస్తే సముద్రం కనిపించేలా ఎత్తులో ఉన్న ఇల్లు అని, అక్కడ నిర్లక్ష్యం ఏమీ లేదు.

ఫ్రేజల్ వర్బ్స్‌లో 'లుక్ ఫార్వర్డ్ టు' తర్వాత 'మీట్' కాదు, 'మీటింగ్' రావాలి. లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటు, లుక్ డౌన్ అపాన్, లుక్ అప్ టు పాత పేపర్లలోనే బోలెడు దొరుకుతాయి, వాటిని అక్కడే చదువుకోండి.

ప్రతి గుంపుకూ తెలుగులో ఇలా తేడా దొరకదు. 'సే', 'టెల్' రెంటికీ మనం తరచుగా 'చెప్పు' అనే వాడేస్తాం. అలాంటి చోట అర్థం కోసం వెతకడం మానేసి పదం తర్వాత ఏమొస్తుందో చూడాలి. 'టెల్' తర్వాత సాధారణంగా వినే మనిషి వెంటనే వస్తాడు: 'హీ టోల్డ్ మీ'. 'సే' తర్వాత మనిషి నేరుగా రాడు, 'హీ సెడ్ టు మీ' అనాలి. 'హీ సెడ్ మీ' అని కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.

నోట్స్ రాసుకునేటప్పుడు పదానికి పదం అర్థం రాయకండి. ఒక్కో ఇంగ్లీష్ పదానికి ఒక చిన్న తెలుగు వాక్యం రాసి, కింద ఆ పదం వెంట వచ్చే 'ఎట్', 'ఆఫ్', 'టు' రాసుకోండి. రోజుకు ఒక గుంపు చాలు. వారం చివర పాత పేపర్ తీసి, ఆ గుంపులోని పదాలు ఆప్షన్లుగా వచ్చిన ప్రశ్నలు మాత్రం చేయండి. తప్పు జవాబులు ఎందుకు తప్పో ఒక్కొక్క ముక్కలో రాసుకోండి. ఈ పని మెల్లగా సాగుతుంది, టెన్షన్ పడకండి. టైర్-1లో తప్పుకు అర మార్కే పోతుంది గానీ, అలాంటివి నాలుగు పోతే ఒక సరైన జవాబు మార్కులు పోయినట్టే.

రేపటికి నడక పదాలు తీసుకోండి. కుంటుతూ నడవడం 'లింప్', తూలుతూ నడవడం 'స్టాగర్', పెద్ద పెద్ద అంగలు వేయడం 'స్ట్రైడ్', అలసిపోయి కాళ్లీడ్చుకుంటూ నడవడం 'ట్రడ్జ్', షికారుగా తిరగడం 'స్ట్రోల్', మునివేళ్ల మీద చప్పుడు కాకుండా నడవడం 'టిప్‌టో'. ఆ తర్వాత నవ్వులు. చిరునవ్వు, ముసిముసి నవ్వు, ఇకిలింపు, వెటకారపు నవ్వు అని తెలుగు పేర్లు ముందు రాసుకుని, ఒక్కోదానికి ఇంగ్లీష్ మాట డిక్షనరీలో మీరే వెతకండి.