నల్గొండ అని వెతికితే నల్లగొండ దొరకలేదు

పరీక్షకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. మర్రిగూడ దిక్కు నుంచి ఆదివారం క్లాసులకు వచ్చే అంగన్‌వాడీ టీచర్. "మేడం, నల్గొండ టెక్నిక్ మీరు జెప్పింది యాదికుంది. నోట్సుల ఎంత దేవులాడినా దొరుకుతలేదు." పద్నాలుగో పేజీలో చూడమ్మా అన్నాను. "ఏ ఫైల్ల మేడం? ముప్పై ఉన్నయ్." ఏ ఫైలో నాకూ గుర్తు రాలేదు.

గ్రూపులో పెట్టిన ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచి ఆమె చేసిన పనే నేనూ చేశాను. ఎక్కడా లేదు. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి తీసే పద్ధతి అది. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసి మన జిల్లా పేరు పెట్టింది. ఆ పాఠం మర్రిగూడ మనిషికే దొరకలేదంటే సిగ్గనిపించింది. దూరవిద్యలో చదివేవాళ్లు పగలు పనికి పోయి, పిల్లలు పడుకున్నాక ఫోన్ పడతారు. మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోయే తీరిక వాళ్లకెక్కడిది?

పరీక్షలయ్యాక పని మొదలుపెట్టాను. పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కిపట్టి చూడటమే మొదటి పరీక్ష. మాట నీలంగా మారితే అందులో అక్షరాలున్నట్టు, మారకపోతే అది ఫొటో. నా ఫైళ్లలో సగానికి సగం ఫొటోలే. క్లాసు అయిపోయాక చేతిరాత నోట్సును ఫోన్‌తో తీసి పెట్టినవి.

రెండో రకం ఇంకా వింత. క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌లో, 'అను' అనే పాత తెలుగు ఫాంటులో కొట్టించినవి. మాట నీలంగా మారుతుంది, చూడ్డానికి చక్కటి తెలుగు. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు! పాత ఫాంటుల్లో ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. కంటికి 'క', కంప్యూటర్‌కు ఇంకేదో. యూనికోడ్ అనే పద్ధతిలో అయితే 'క'కు తన నంబరు తనకుంటుంది. షాపతను పాత పేజ్‌మేకర్ ఫైళ్లు దాచిన కొన్నింటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నాను. మిగతావి ఓసీఆర్‌కే, అంటే పేజీ బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కే.

మా అక్క కొడుకు ల్యాప్‌టాప్‌లో ఓసీఆర్‌మైపీడీఎఫ్ పెట్టిచ్చాడు. ఉచితమే. లోపల టెసరాక్ట్ అనే ప్రోగ్రాం పేజీని చదివి, బొమ్మ కింద కనపడని అక్షరాల పొర వేస్తుంది. అను ఫైలు ఇస్తే మాత్రం మొరాయించింది, ఇందులో అక్షరాలు ముందే ఉన్నాయట! ఆ చెత్తనే అక్షరాలనుకుంది పాపం. బలవంతంగా చదివించే ఆప్షన్ వేరే ఉంది, అది పెట్టాక కదిలింది. అచ్చు పేజీలు బాగానే వచ్చాయి, కాకపోతే ఒత్తుల దగ్గర తడబాటు. 'విధానం' కాస్తా 'విదానం' అయింది. నా చేతిరాతను ఏ యంత్రమూ చదవలేదు, నా పిల్లలే చదవలేరు. ఆ నోట్సు ముందు పెట్టుకుని, వాయిస్ టైపింగ్‌లో నేనే చదువుతూ పోయాను. రోజుకు నాలుగైదు పేజీలు, గొంతు పోయేదాకా.

ఇంత చేశాక 'నల్గొండ టెక్నిక్' అని కొట్టాను. దొరకలేదు.

నేను రాసుకున్నది 'నల్లగొండ పద్ధతి'. క్లాసులో నోటితో అన్నది 'నల్గొండ టెక్నిక్'. వాళ్లు విన్నదే కదా వెతికేది! అసలు చిక్కు ఇక్కడుందని నెలరోజులు తంటాలు పడ్డాక తెలిసింది. నేను 'భూగర్భ జలాలు' అని రాస్తే వాళ్లు 'బోరు నీళ్లు' అంటారు. 'బోర్‌వెల్' మరీ మొండిది. ర తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటే ఒక మాట, లేకుంటే 'బోర్వెల్' ఇంకో మాట. 'నీళ్లు', 'నీళ్ళు' సరేసరి. విభక్తుల తంటా ఒకటి, 'కాలుష్యం' అని వెతికితే 'కాలుష్యానికి' తగలదు. చివరి సున్నా తీసేసి 'కాలుష్య' అని కొడితే రెండూ వస్తాయి. ఈ ఒక్క చిట్కా గ్రూపులో పెడితే వచ్చినన్ని దండాలు నా పాఠాలకు ఎన్నడూ రాలేదు.

అప్పటినుంచి ప్రతి ఫైలు మొదటి పేజీలో 'వెతికే మాటలు' అని ఒక పెట్టె కట్టి, పక్కన పేజీ నంబరు వేస్తున్నా. నల్గొండ టెక్నిక్, నల్లగొండ పద్ధతి, ఫ్లోరైడ్, ఫ్లోరిన్, అన్ని రూపాలూ అందులోనే. ఫైలు పేరు కూడా 'స్కాన్ 12' కాకుండా 'యూనిట్ 4 నీటి కాలుష్యం' అని మార్చాను. యూట్యూబ్ వీడియోల కింద నిమిషాలు రాశాను. మొదటిది 0:00 ఉండాలి, కనీసం మూడు ఉండాలి, అప్పుడే వీడియో ముక్కలుగా కనపడుతుంది. మూడు కాకుండా రెండే రాసి, ఎందుకు రావట్లేదని ఒక సాయంత్రమంతా కొట్టుకున్నాను.

ఇప్పుడు క్లాసులో ఎవరు ఏ మాటతో అడిగినా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. మొన్న ఆదివారం దేవరకొండ నుంచి వచ్చే పిల్లవాడు అడిగాడు, "మేడం, పండ్లు గార పట్టే రోగం ఏ పేజీల ఉంది?" ఫ్లోరోసిస్ ఎదురుగా అదీ రాశాను. 'పండ్లు', 'పళ్లు', 'పళ్ళు' మూడూ పెట్టాను.